ఎంఐటీకి ఒక్క లైను కలిపానని ఓపెన్ సోర్స్ హోస్టింగ్ ఇవ్వలేదు. ఇప్పుడు ఏ లైసెన్స్ పెట్టాలి?

సబ్‌టైటిల్_పిచ్చోడు
రెండేళ్లుగా ఖాళీ దొరికినప్పుడల్లా ఒక టూల్ రాస్తున్నా. వీడియోలో మాట ఒకచోట, కింద అక్షరాలు ఇంకోచోట నడుస్తుంటే ఆ సబ్‌టైటిల్ ఫైలు టైమింగ్ సరిచేస్తుంది. పైథాన్‌లో దాదాపు 6 వేల లైన్లు. కోడ్ మొదటి రోజు నుంచీ అందరికీ కనపడేలానే పెట్టా.

ఇప్పుడు విండోస్‌కీ మ్యాక్‌కీ బిల్డులు, అంటే నేరుగా నడిచే ప్రోగ్రామ్ ఫైళ్ళు, తయారు చేయాలి. ఒక హోస్టింగ్ వాళ్ళు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి పెద్ద ప్లాన్ ఉచితంగా ఇస్తున్నారంటే దరఖాస్తు పెట్టా. రెండు వారాలకి జవాబు వచ్చింది: మీ ప్రాజెక్టు ఓపెన్ సోర్స్ కాదు. అంతే, ఇంకో ముక్క లేదు.

నాది ఎంఐటీ లైసెన్స్, అంటే కోడ్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని చెప్పే చిన్న అనుమతి పత్రం. కాకపోతే చివర ఒక్క లైను కలిపా, వ్యాపారానికి వాడకూడదు అని. ఊరికే కలపలేదు. పోయినేడాది ఎవరో నా టూల్‌కి పేరు మార్చి, లోగో మార్చి ఒక యాప్ స్టోర్‌లో డబ్బులకి అమ్మారు. ఒళ్ళు మండి ఆ లైను రాశా. కోడ్ అంతా బయటే ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇది ఓపెన్ కాకపోతే ఇంకేంటి? ఏ లైసెన్స్ పెడితే ఒప్పుకుంటారో చెప్పండి.

అర్ధరాత్రి_కమిట్
ఆ ఒక్క లైనే కొంప ముంచింది.

లాయర్‌ని_కాను
పేరులోనే చెప్పేశా కాబట్టి ఇక ధైర్యంగా మాట్లాడతా.

కోడ్ కనపడటం వేరు, ఓపెన్ సోర్స్ వేరు. ఉచిత ప్లాన్ ఇచ్చేవాళ్ళలో చాలామంది ఒక్కటే చూస్తారు: మీ లైసెన్స్ ఓఎస్ఐ ఆమోదించిన జాబితాలో ఉందా లేదా. ఓఎస్ఐ అంటే ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్, 1998లో పుట్టింది. వాళ్ళ నిర్వచనంలో 10 షరతులుంటాయి. అంతకు ముందు ఏడాది డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు రాసుకున్న మార్గదర్శకాలనే కొద్దిగా మార్చి తీసుకున్నారు. అందులో 6వ షరతు ఏ రంగంలో వాడకాన్నీ అడ్డుకోకూడదని. వ్యాపారం కూడా ఒక రంగమే. మీ లైను సరిగ్గా అక్కడ తగులుతోంది.

ఇంకో సంగతి. ఎంఐటీ లైసెన్స్ పాఠంలోనే కాపీలు అమ్ముకోవచ్చని స్పష్టంగా ఉంటుంది. పైన అమ్ముకోండి అని, కింద అమ్మకూడదు అని. మీ ఫైలు తనతో తనే పోట్లాడుతోంది.

సబ్‌టైటిల్_పిచ్చోడు
పైన అమ్ముకోవచ్చని ఉందా?! రెండేళ్లలో ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు.

వంకర_బ్రాకెట్
ఎవరూ చదవరు లెండి. 20 లైన్లు కూడా లేని లైసెన్స్ చదవం గానీ నిబంధనలన్నీ అంగీకరిస్తున్నా అని మాత్రం రోజూ నొక్కుతాం.

తోకపిట్ట
అసలు ఇంత తలనొప్పి ఎందుకు? కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో పబ్లిక్ రిపో, అంటే అందరికీ కనపడే కోడ్ ఫోల్డర్, పెట్టుకోవడానికి లైసెన్సే అక్కర్లేదు. నావి పదకొండు రిపోలు, ఒక్కదానికీ లైసెన్స్ లేదు. ఎవరూ అడగలేదు.

లాయర్‌ని_కాను
@తోకపిట్ట హోస్టింగ్ దొరుకుతుంది, నిజమే. కానీ లైసెన్స్ లేదంటే అన్ని హక్కులూ మీవే అని అర్థం. గిట్‌హబ్ నిబంధనల ప్రకారం ఇతరులు మీ రిపో చూడొచ్చు, ఆ సైట్‌లోనే ఫోర్క్ చేసుకోవచ్చు, అంటే తమ ఖాతాలో కాపీ పెట్టుకోవచ్చు. ఆ కోడ్ తీసుకెళ్ళి తమ ప్రాజెక్టులో పెట్టుకుంటే మాత్రం కాపీరైట్ ఉల్లంఘనే. మీ ఉద్దేశం అదేనా?

తోకపిట్ట
కాదు. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండి అనే నా ఉద్దేశం. లైసెన్స్ పెట్టకపోతే స్వేచ్ఛ అనుకున్నా ఇన్నాళ్ళూ.

పాతకాపు
ఈ తికమక ఇప్పటిది కాదు. 1999లో సోర్స్‌ఫోర్జ్ అనే కోడ్ హోస్టింగ్ సైట్ మొదలైనప్పుడే ప్రాజెక్టు పెట్టాలంటే ఓపెన్ సోర్స్ లైసెన్స్ చూపించాల్సి వచ్చేది. తర్వాత 2006లో గూగుల్ కోడ్ వచ్చింది. వాళ్ళయితే లైసెన్సుల జాబితాలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే ఉంచారు. లైసెన్సులు పెరిగిపోతే ఒకరి కోడ్ ఇంకొకరిలో కలవదు అని వాళ్ళ వాదన. ఏజీపీఎల్ అనే కఠినమైన లైసెన్స్‌ని చాలాకాలం రానివ్వలేదు. 2010లో గానీ ఓఎస్ఐ జాబితా మొత్తానికి తలుపు తీయలేదు. ఆ సైటే 2016లో మూతపడిందనుకోండి, అది వేరే కథ.

ఒక సరదా ముచ్చట. జేసన్ లైసెన్స్ అని ఒకటుంది, డగ్లస్ క్రాక్‌ఫర్డ్ పెట్టింది. ఎంఐటీ పాఠానికి ఒకే ఒక్క లైను కలిపాడు: ఈ సాఫ్ట్‌వేర్‌ని మంచికే వాడాలి, చెడుకి వాడకూడదు అని. వినడానికి ఎంత బాగుంది! ఆ లైను వల్లే గూగుల్ కోడ్ ఆ లైసెన్స్‌ని ఒప్పుకోలేదు, డెబియన్ ఒప్పుకోలేదు, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కూడా ఇది స్వేచ్ఛా లైసెన్స్ కాదని తేల్చింది. చెడు అంటే ఏంటో ఎవరు నిర్ణయిస్తారు మరి?

వంకర_బ్రాకెట్
కాబట్టి ఒక్క లైను కలిపి ఇరుక్కున్నవాళ్ళలో మన @సబ్‌టైటిల్_పిచ్చోడు మొదటివాడు కాదన్నమాట. గొప్పవాళ్ళ సరసన చేరాడు.

సెమీకోలన్_సుందరి
నాకు మాత్రం వ్యాపారానికి వద్దు అనడంలో తప్పేం కనపడట్లేదు. ఫోటోలకి, పాటలకి క్రియేటివ్ కామన్స్ వాళ్ళే ఎన్‌సీ రకం, అంటే వ్యాపారానికి వద్దనే లైసెన్స్, ఇస్తున్నారుగా? కష్టపడి రాసిన మనిషికి ఆ మాత్రం హక్కు లేదా?

లాయర్‌ని_కాను
హక్కు ఉంది. ఆయన కోడ్, ఆయన ఇష్టం. దానికి ఓపెన్ సోర్స్ అని పేరు పెట్టి ఉచిత ప్లాన్ అడిగితేనే కుదరదు. పైగా తమ లైసెన్సుల్ని సాఫ్ట్‌వేర్‌కి వాడొద్దని క్రియేటివ్ కామన్స్ వాళ్ళే చెబుతారు. పేటెంట్ సంగతి, సోర్స్ ఇచ్చే సంగతి వాటిలో ఉండవు.

సెమీకోలన్_సుందరి
సరే, ఇంకోటి అడుగుతా. వ్యాపారం అంటే ఏంటి? నేను టీచర్ని. జీతానికి పాఠాలు చెబుతూ ఈ టూల్‌తో వీడియోలకి సబ్‌టైటిల్స్ సరిచేస్తే అది వ్యాపారమా?

అర్ధరాత్రి_కమిట్
ఇదిగో, అసలు చిక్కు ఇదే. ప్రకటనలున్న బ్లాగు? విరాళాలు తీసుకునే సంస్థ? ఆ లైను చూసి దొంగ ఆగడు, సుందరి గారి లాంటి మంచివాళ్ళే భయపడి పక్కకి తప్పుకుంటారు.

సబ్‌టైటిల్_పిచ్చోడు
అది నిజమే. ఒక కాలేజీ వాళ్ళు మెయిల్ చేసి వాడొచ్చా అని అడిగారు. వాడండి అన్నా. మళ్ళీ రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. ఎలా ఇవ్వాలో తెలియక వదిలేశా.

గిట్_బ్లేమ్
నా సలహా: బిజినెస్ సోర్స్ లైసెన్స్ పెట్టండి. కోడ్ కనపడుతుంది, పోటీగా అమ్మేవాళ్ళని ఆపొచ్చు, నాలుగేళ్ళకి దానంతటదే ఓపెన్ అయిపోతుంది. పెద్ద కంపెనీలే వాడుతున్నాయి.

పాతకాపు
@గిట్_బ్లేమ్ అదీ ఓఎస్ఐ జాబితాలో లేదు నాయనా. ఆ నాలుగేళ్ళూ ఉచిత ప్లాన్ రాదు. హాషికార్ప్ 2023 ఆగస్టులో తన టెర్రాఫామ్ టూల్‌ని దానికి మార్చగానే జనం ఫోర్క్ చేసి ఓపెన్‌టోఫు పెట్టుకున్నారు. మాంగోడీబీ కంపెనీ 2018లో ఎస్ఎస్‌పీఎల్ అనే సొంత లైసెన్స్ రాసి ఓఎస్ఐకి పంపింది, ఆమోదం రాదని తెలిసి 2019లో వెనక్కి తీసుకుంది. ఎలాస్టిక్, రెడిస్ కూడా అటు వెళ్ళినవే. ఒకటి 2024లో, ఒకటి 2025లో ఏజీపీఎల్‌ని కూడా చేర్చి మళ్ళీ ఓపెన్ సోర్స్ గడప తొక్కాయి. అంత పెద్దవాళ్ళకే ఈ తంటా ఉంటే 6 వేల లైన్ల టూల్‌కి ఎందుకు?

గిట్_బ్లేమ్
6 వేల లైన్లైనా దొంగతనం దొంగతనమే కదా.

కోడుకోతి
ఎంఐటీ ఉంచి ఆ లైను తీసేయ్ బ్రో. రెండు నిమిషాల పని. జాబితాలో ఉంది, అందరికీ తెలుసు, ఎవరూ ప్రశ్నలడగరు. దరఖాస్తు మళ్ళీ పెట్టు. చర్చ సమాప్తం.

అర్ధరాత్రి_కమిట్
@కోడుకోతి ఎంఐటీ అయితే ఆ యాప్ స్టోర్ వాడు చేసింది దాదాపు సక్రమం అయిపోతుంది. కాపీరైట్ లైను ఒక మూల ఉంచితే చాలు, సోర్స్ ఇవ్వక్కర్లేదు. ఈయన బాధే అది.

జీపీఎల్ అనే లైసెన్స్ పెడితే అమ్ముకోవచ్చు, కానీ కొన్నవాళ్ళకి సోర్స్ ఇవ్వాలి, అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. కొన్నవాడు దాన్ని ఉచితంగా పంచిపెట్టినా ఆపలేరు. పేరు మార్చి అమ్ముకునే బేరం అక్కడితో చాలావరకు చప్పబడిపోతుంది.

కోడుకోతి
జీపీఎల్ అంటే సగం కంపెనీలు దూరం నుంచే దండం పెడతాయి. లైబ్రరీ, అంటే ఇంకో ప్రోగ్రామ్‌లో కలిపే కోడ్, అయితే ఎవరూ ముట్టరు.

అర్ధరాత్రి_కమిట్
ఇది లైబ్రరీ కాదు. మనుషులు తెరిచి బటన్ నొక్కే డెస్క్‌టాప్ టూల్. లైబ్రరీ అయ్యుంటే నేనే ఎంఐటీనో అపాచీనో అనేదాన్ని.

కోడుకోతి
ఓకే అక్కా, ఆ మాట ఒప్పుకుంటా.

నిద్రలేని_పాయింటర్
జీపీఎల్ పెట్టి దాని కింద వ్యాపారానికి వద్దు అనే లైను కలిపితే? రెండు పిట్టలు.

లాయర్‌ని_కాను
రెండూ ఎగిరిపోతాయి. జీపీఎల్ 3లో 7వ సెక్షన్ ఉంది. అందులో ఒప్పుకున్న కొన్ని రకాలు కాకుండా వేరే ఆంక్షలు కలిపితే, తీసుకున్నవాళ్ళు వాటిని తీసిపారేయొచ్చని రాసి ఉంది. హోస్టింగ్ వాళ్ళు కూడా మళ్ళీ వెనక్కే పంపుతారు.

సి_కి_ముందు_బి
ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. లైసెన్స్ ఎంచుకునే ముందు అసలు మీ కోడ్‌లో ఏమేం ఉన్నాయి? విండోలు, బటన్లు దేనితో రాశారు? ఆడియో దేనితో చదువుతున్నారు? వేరే చోట నుంచి తెచ్చి అతికించిన ముక్కలు? ఐకాన్లు ఎవరివి? లైసెన్స్ మన ఇష్టం అనుకుంటాం గానీ సగం నిర్ణయం డిపెండెన్సీలు, అంటే మనం ఆధారపడే ఇతరుల కోడ్, ముందే చేసేసి ఉంటాయి.

సబ్‌టైటిల్_పిచ్చోడు
విండోలు పైక్యూటీ 6 అనే లైబ్రరీతో. ఆడియోకి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మీడియా ప్రోగ్రామ్‌ని కమాండ్‌లా పిలుస్తా, ఇన్‌స్టాలర్‌లో దాన్ని కూడా పెట్టి ఇస్తున్నా. ఐకాన్లు ఒక ఉచిత ఐకాన్ల సైట్ నుంచి. ఫ్రేమ్ రేట్ మార్చే ఫంక్షన్ ఒక 25 లైన్లు ఎవరిదో పాత రిపో నుంచి తెచ్చా, దానికి లైసెన్స్ ఏమీ లేదు. కాబట్టి సమస్య లేదనుకుంటా.

తోకపిట్ట
లైసెన్స్ లేదు కాబట్టి సమస్య లేదు! నా తమ్ముడు దొరికాడు.

సి_కి_ముందు_బి
అయ్యో. ఒక్కొక్కటీ చూద్దాం.

పైక్యూటీ రివర్‌బ్యాంక్ అనే కంపెనీది. దాన్ని రెండు రకాలుగా ఇస్తారు: జీపీఎల్ 3, లేదా డబ్బు కట్టి కొనే లైసెన్స్. మీరు కొనలేదు కాబట్టి మీకు వర్తించేది జీపీఎల్ 3. దానితో కలిపి ప్రోగ్రామ్‌ని పంచితే మొత్తం ప్రోగ్రామ్ జీపీఎల్ షరతులతోనే వెళ్ళాలి. అంటే వ్యాపారానికి వద్దు అనే లైను పెట్టి బిల్డులు పంచుతున్నది మీరు. ఎవరో మీ లైసెన్స్ తొక్కారని కోపంగా ఉన్నారు, ఈలోగా పైక్యూటీ లైసెన్స్‌ని మీరే తొక్కుతున్నారు.

తిట్టడానికి చెప్పట్లేదు. నేనూ ఇదే పని చేసి తర్వాత తెలుసుకున్నా.

వంకర_బ్రాకెట్
కథ అడ్డం తిరిగింది!

సబ్‌టైటిల్_పిచ్చోడు
ఇది చదివి పది నిమిషాలు అలా కూర్చుండిపోయా. పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో ఇన్‌స్టాల్ చేశా, పనిచేసింది, అంతే. పిప్‌లో ఉన్నవన్నీ ఉచితమేగా అనుకున్నా.

సి_కి_ముందు_బి
అందరం అలాగే అనుకుంటాం. దారులు రెండే. మొత్తం టూల్‌ని జీపీఎల్ 3 చేసేయడం ఒకటి. లేదా పైక్యూటీ తీసేసి పైసైడ్ 6కి మారడం. పైసైడ్ ఎల్‌జీపీఎల్‌లో, అంటే జీపీఎల్ కంటే సడలించిన లైసెన్స్‌లో, కూడా దొరుకుతుంది, అప్పుడు మీ కోడ్‌కి ఎంఐటీ పెట్టుకున్నా ఇబ్బంది లేదు. మారడం పెద్ద కష్టం కాదు, రెండూ ఒకే క్యూటీ టూల్‌కిట్ మీద కూర్చున్నవి. ఇంపోర్టులు మార్చాలి, పైక్యూటీసిగ్నల్ అని ఉన్నచోట సిగ్నల్, పైక్యూటీస్లాట్ అని ఉన్నచోట స్లాట్. ఇంకా చిన్నా చితకా తేడాలుంటాయి.

పాతకాపు
పైసైడ్ పుట్టిందే ఈ లైసెన్స్ గొడవ వల్ల. 2009లో క్యూటీ నోకియా చేతిలో ఉండేది. దాన్ని పైథాన్‌లో వాడుకునేలా చేసే బైండింగ్‌ని ఎల్‌జీపీఎల్‌లో ఇవ్వమని రివర్‌బ్యాంక్‌ని అడిగారు, బేరం కుదరలేదు. దాంతో తామే కొత్తది రాయించుకున్నారు. ఒక్క అక్షరం, ఎల్, దానికోసం మొత్తం బైండింగ్ మళ్ళీ రాశారు.

నిద్రలేని_పాయింటర్
ఎఫ్ఎఫ్ఎంపెగ్ సంగతో? అదీ జీపీఎల్లేగా?

సి_కి_ముందు_బి
మామూలుగా అది ఎల్‌జీపీఎల్ 2.1 లేదా ఆపైది. ఎక్స్264 లాంటి వీడియో ఎన్‌కోడర్లు కలిపి బిల్డ్ చేస్తే జీపీఎల్ అవుతుంది. ఈయన టూల్ ఆడియో చదువుతుంది అంతే, ఎన్‌కోడింగ్ అక్కర్లేదు, ఎల్‌జీపీఎల్ బిల్డ్ చాలు. పైగా విడి ప్రోగ్రామ్‌లా పిలుస్తున్నారు, కోడ్‌తో లింక్ చేయట్లేదు. కానీ ఇన్‌స్టాలర్‌లో పెట్టి మీరే పంచుతున్నారు కాబట్టి దాని లైసెన్స్ పాఠం కూడా పెట్టాలి, ఆ బిల్డ్‌కి సరిపోయే సోర్స్ దొరికేలా చూడాలి. లేదంటే వాడేవాళ్ళనే విడిగా దించుకోమనండి, మీకు ఆ బరువు తగ్గుతుంది.

సెమీకోలన్_సుందరి
ఐకాన్ల సంగతి చూశారా? ఉచిత ఐకాన్ల సైట్లలో సగం సొంత అవసరాలకే ఉచితం.

సబ్‌టైటిల్_పిచ్చోడు
ఇప్పుడే చూసొచ్చా. క్రియేటివ్ కామన్స్ వాళ్ళ సీసీ బై-ఎన్‌సీ. పేరు చెప్పాలి, వ్యాపారానికి వద్దు. నేను పేరు కూడా ఎక్కడా చెప్పలేదు.

వంకర_బ్రాకెట్
ఈ థ్రెడ్‌లో దొంగ ఎవరో క్రమంగా తేలుతోంది.

సబ్‌టైటిల్_పిచ్చోడు
నవ్వొస్తోంది గానీ నవ్వలేకపోతున్నా.

సెమీకోలన్_సుందరి
మెటీరియల్ ఐకాన్లకి మారండి, అపాచీ 2.0. ప్లే, పాజ్, సేవ్, అన్నీ ఉంటాయి. అరగంట పని.

లాయర్‌ని_కాను
అక్కడొక చిన్న మెలిక. అపాచీ 2.0లో ఉన్నవి జీపీఎల్ 3లో కలుస్తాయి. 2కి మాత్రమే పరిమితమైన జీపీఎల్‌లో కలవవని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ (ఎఫ్ఎస్ఎఫ్) అంటుంది. పేటెంట్ షరతులు అడ్డం. మీకు పైక్యూటీ వల్ల ఎలాగూ 3 తప్పదు కాబట్టి బతికిపోయారు. జీపీఎల్ అని మాత్రమే రాసి వదిలేయకండి, అంకె రాయండి. 1991 నాటి 2, 2007 నాటి 3 వేర్వేరు లైసెన్సులు.

తోకపిట్ట
ఆ 25 లైన్ల ఫంక్షన్? రాసినాయన్ని అడిగితే ఇవ్వడా?

అర్ధరాత్రి_కమిట్
అడగొచ్చు. రిపోలో ఇష్యూ పెట్టి, ఒక లైసెన్స్ ఫైలు కలపగలరా అని మర్యాదగా అడిగితే చాలామంది వెంటనే కలుపుతారు. జవాబు రాకపోతే ఆ 25 లైన్లు చూడకుండా సొంతంగా రాసుకోవడమే. ఫ్రేమ్ రేట్ లెక్క ఎవడి సొత్తూ కాదు. 25 నుంచి 23.976కి మార్చాలంటే టైమ్‌ని 25తో గుణించి 23.976తో భాగించడమే. లెక్క మీద కాపీరైట్ ఉండదు, ఆయన రాసిన తీరు మీద ఉంటుంది.

నిద్రలేని_పాయింటర్
నేను స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల సైట్ నుంచి తెచ్చుకుంటా. అది అందరిదీ కదా?

లాయర్‌ని_కాను
కాదు. 2018 మే నుంచి అక్కడ రాసినవి సీసీ బై-ఎస్ఏ 4.0, అంటే పేరు చెప్పాలి, మార్చినదాన్ని అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. అంతకు ముందువి పాత వెర్షన్లు. 4.0ని జీపీఎల్ 3లోకి తీసుకోవచ్చని క్రియేటివ్ కామన్స్ 2015లోనే ప్రకటించింది, అదీ ఒకవైపే. ఎంఐటీ ప్రాజెక్టులో పెద్ద ముక్క అతికిస్తే ఇరుకునపడతారు. ఏదైనా సరే, తెచ్చిన చోటు లింకు కామెంట్‌లో రాసుకోండి.

నిద్రలేని_పాయింటర్
నా కెరీర్ మొత్తం కామెంట్‌లో రాయాల్సి వస్తుంది.

పాతకాపు
ఇంకో పెద్ద విషయం అందరూ మర్చిపోయారు. కోడ్ మీరొక్కరే రాశారా, ఇంకెవరైనా పుల్ రిక్వెస్టులు, అంటే కలపమని మార్పులు, పంపారా?

సబ్‌టైటిల్_పిచ్చోడు
ముగ్గురు. ఒకరు రీడ్‌మీలో స్పెల్లింగ్ దిద్దారు. ఒకరు విండోస్ పాత్‌ల బగ్ సరిచేశారు. ఒకాయన ఏఎస్ఎస్ అనే సబ్‌టైటిల్ ఫార్మాట్ చదివే పార్సర్ మొత్తం రాశాడు, 400 లైన్ల పైనే.

పాతకాపు
అయితే ఆ 400 లైన్లు ఆయనవి. మీ ఎంఐటీ ప్లస్ ఒక లైను ఉన్నప్పుడు ఆ షరతుల మీదే ఇచ్చాడు. ఆయన ఒప్పుకోకుండా జీపీఎల్ కింద ఇవ్వలేరు. స్పెల్లింగ్ దిద్దినదానికి కాపీరైట్ అంతగా నిలబడదు గానీ అడిగితే పోయేదేం లేదు. వీఎల్‌సీ ప్లేయర్ వాళ్ళు 2011, 2012ల్లో ఇంజిన్ కోడ్‌ని జీపీఎల్ నుంచి ఎల్‌జీపీఎల్‌కి మార్చినప్పుడు వంద మందికి పైగా రాసినవాళ్ళని వెతికి వెతికి సమ్మతి తీసుకున్నారు. మీకు ముగ్గురే. అదృష్టవంతులు.

ఇష్యూ ఒకటి తెరిచి ముగ్గురినీ ట్యాగ్ చేయండి. నా కోడ్‌ని జీపీఎల్ 3 కింద ఇవ్వడానికి ఒప్పుకుంటున్నా అని అక్కడే రాయమనండి. పబ్లిక్‌గా ఉంటే రేపు ఎవరడిగినా లింకు చూపించొచ్చు.

గిట్_బ్లేమ్
ఆఫీసులో రాసిన కోడ్ అయితే వాళ్ళ కంపెనీ కూడా ఒప్పుకోవాలి, అది గుర్తుంచుకోండి. నేను ఒకచోట పనిచేస్తున్నప్పుడు రాత్రి ఇంట్లో రాసుకున్న స్క్రిప్ట్ కూడా మాదే అన్నారు. ఒప్పందం తీసి చూస్తే నిజంగానే అలా ఉంది. లైసెన్స్ సంగతి తర్వాత, ఆ రిపోనే తీసేయాల్సి వచ్చింది.

కోడుకోతి
అందుకేనా బిజినెస్ సోర్స్ అన్నావ్? మనసు గాయపడింది పాపం.

గిట్_బ్లేమ్
గాయం కాదు. అనుభవం.

సబ్‌టైటిల్_పిచ్చోడు
సరే. పైసైడ్‌కి మారి ఎంఐటీ పెట్టుకోవడమా, పైక్యూటీతో ఉండి జీపీఎల్ 3 పెట్టడమా? రెండూ ఓఎస్ఐ జాబితాలో ఉన్నవే కదా, హోస్టింగ్ వాళ్ళకి తేడా ఉంటుందా?

లాయర్‌ని_కాను
జాబితాలో ఉన్నంతవరకు ఏదైనా ఒకటే. వందకు పైగా లైసెన్సులున్నాయి అందులో. తేడా ఉన్నది ఒక్కో చోటి ఇతర షరతుల్లో. గిట్‌ల్యాబ్ ఓపెన్ సోర్స్ పథకానికి ప్రాజెక్టు అందరికీ కనపడాలి, ఓఎస్ఐ లైసెన్స్ ఉండాలి, లాభాపేక్ష ఉండకూడదు. కోడ్‌బర్గ్ లాభాపేక్ష లేని సంఘం, వాళ్ళు ఎఫ్ఎస్ఎఫ్ జాబితా అయినా ఓఎస్ఐ జాబితా అయినా చాలంటారు. గ్నూ సవన్నా మరీ పట్టుదల, జీపీఎల్‌తో కలిసే లైసెన్స్ కావాలి. విండోస్ బిల్డులకి డిజిటల్ సంతకం కావాలంటే సైన్‌పాత్ ఫౌండేషన్ ఉంది. వాళ్ళు ఓఎస్ఐ లైసెన్స్ అడుగుతారు, అదే టూల్‌ని పక్కన డబ్బుల లైసెన్స్‌తో కూడా ఇస్తున్నారంటే ఒప్పుకోరు.

అన్‌లైసెన్స్ అనే లైసెన్స్‌కి 2020లో ఓఎస్ఐ ఆమోదం వచ్చింది. క్రియేటివ్ కామన్స్ వాళ్ళ సీసీ0కి రాలేదు, 2012లో పంపి వెనక్కి తీసుకున్నారు. రెండూ కోడ్‌ని జనానికి వదిలేయడానికే అయినా దరఖాస్తు ఫారం దగ్గర ఒకటి పాస్, ఒకటి ఫెయిల్. అందుకే మంచి మనసు చూసి కాదు, జాబితా చూసి ఎంచుకోవాలి.

అర్ధరాత్రి_కమిట్
మీకు ఆ అమ్మినవాడి మీద కసి ఉందా, లేక అందరూ వాడాలని ఆశ ఉందా? కసి ఉంటే జీపీఎల్, ఆశ ఉంటే ఎంఐటీ. :)

సబ్‌టైటిల్_పిచ్చోడు
రెండూ ఉన్నాయి అక్కా. కసి కొంచెం ఎక్కువ.

సెమీకోలన్_సుందరి
ఆ అమ్మినవాడి విషయంలో లైసెన్స్ కంటే పేరు గట్టిది. మీ టూల్ పేరు, లోగో మీవి. జీపీఎల్, ఎంఐటీ రెండూ కోడ్ హక్కులిస్తాయి గానీ మీ పేరు వాడుకునే హక్కు ఇవ్వవు. పేరు మార్చి అమ్మాడంటే వాడికీ ఆ సంగతి తెలుసు. కాపీరైట్ లైను కూడా తీసేసి ఉంటే ఉత్త ఎంఐటీనే ఉల్లంఘించినట్టు. స్టోర్ వాళ్ళకి కాపీరైట్ ఫిర్యాదు పెట్టారా అసలు?

సబ్‌టైటిల్_పిచ్చోడు
లేదు. కోపంలో లైసెన్స్ ఫైలు మార్చా గానీ ఫిర్యాదు చేయాలని తట్టలేదు.

వంకర_బ్రాకెట్
దొంగ పడ్డాక గోడ మీద దొంగతనం నేరం అని రాసినట్టు.

ఏజీపీఎల్_అభిమాని
ఎవరూ ఏజీపీఎల్ అనలేదేంటి? అదే అన్నిటికంటే గట్టిది.

అర్ధరాత్రి_కమిట్
సర్వర్‌లో నడిపి నెట్‌వర్క్ మీద సేవలా ఇచ్చేవాటికి అది. మార్పులు చేసి వెబ్‌సైట్‌గా పెట్టినా సోర్స్ ఇవ్వాలంటుంది. ఈయనది డెస్క్‌టాప్ టూల్, జీపీఎల్‌తో సరిపోతుంది. రేపు వెబ్ వెర్షన్ రాస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

సబ్‌టైటిల్_పిచ్చోడు
తేల్చేశా. జీపీఎల్ 3. పైక్యూటీ అలాగే ఉంటుంది. ఐకాన్లు మారుస్తా, ఆ ఫంక్షన్ మళ్ళీ రాస్తా, ముగ్గురికీ ఈ రాత్రే రాస్తా.

లాయర్‌ని_కాను
ఫైలు పెట్టేటప్పుడు జాగ్రత్త. పాఠం ఉన్నదున్నట్టు అతికించండి, ఒక్క పదం మార్చొద్దు. మీ పేరు, సంవత్సరం రీడ్‌మీలోనో సోర్స్ ఫైళ్ళ పైనో రాయండి. లైసెన్స్‌ని గుర్తుపట్టేది ముందు యంత్రమే, పాఠం తేడాగా ఉంటే ఇతరం అని చూపిస్తుంది. ఒక్కో ఫైలు మొదట్లో ఎస్‌పీడీఎక్స్ లైను, అంటే లైసెన్స్ పేరు చెప్పే ప్రామాణిక లైను, పెడితే ఇంకా మంచిది. 3 మాత్రమేనా, 3 లేదా ఆపైదా అనేది ఆ లైనులోనే తేలిపోతుంది.

సి_కి_ముందు_బి
ప్యాకేజీ వివరాలుండే పైప్రాజెక్ట్ ఫైలు కూడా చూడండి. అక్కడ ఏముంది?

సబ్‌టైటిల్_పిచ్చోడు
అక్కడ ఎంఐటీ. లైసెన్స్ ఫైల్లో ఎంఐటీ ప్లస్ లైను. రీడ్‌మీలో... "ఫ్రీవేర్" అని ఉంది. ఎప్పుడు రాశానో కూడా తెలీదు.

వంకర_బ్రాకెట్
మూడు నోళ్ళు, మూడు మాటలు. ఆ హోస్టింగ్ వాళ్ళు ఒక్క వాక్యంతో వదిలేశారంటే చాలా మంచివాళ్ళు.

సబ్‌టైటిల్_పిచ్చోడు
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా. ఐకాన్లు మారాయి. ఫంక్షన్ మళ్ళీ రాశా, పాతదానికంటే చిన్నగా వచ్చింది, పైగా పాతదాంట్లో ఒక రౌండింగ్ తప్పు ఉందని తేలింది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని ఇన్‌స్టాలర్ నుంచి తీసేశా.

ముగ్గురిలో ఇద్దరు అదే రోజు ఒప్పుకున్నారు. పార్సర్ రాసినాయన తొమ్మిది రోజులు పలకలేదు. రోజూ ఆ ఇష్యూ తెరిచి చూడటమే పని, టెన్షన్‌తో పార్సర్ కూడా సొంతంగా రాయడం మొదలుపెట్టా. నిన్న జవాబిచ్చాడు: ఇది నేను రాశానా, గుర్తే లేదు, జీపీఎల్ 3కి ఒప్పుకుంటున్నా, 212వ లైనులో బగ్ ఉంది చూడండి అని.

దరఖాస్తు మళ్ళీ పెట్టా. స్టోర్ వాళ్ళకి ఫిర్యాదు కూడా పెట్టా. ఒక సందేహం మిగిలింది: పాత రిలీజులు అలాగే ఉన్నాయి, వాటిని తీసేయాలా?

పాతకాపు
పాత కోడ్ ట్యాగులు ముట్టుకోకండి, చరిత్ర అది. ఏ వెర్షన్ నుంచి లైసెన్స్ మారిందో చేంజ్‌లాగ్‌లో ఒక వాక్యం రాయండి. అప్పటికే తీసుకున్నవాళ్ళకి ఇచ్చిన హక్కులు వెనక్కి రావు. పైక్యూటీ కలిపి ఇచ్చిన పాత ఇన్‌స్టాలర్లు, ఎన్‌సీ ఐకాన్లున్న ఇన్‌స్టాలర్లు మాత్రం డౌన్‌లోడ్ పేజీ నుంచి తీసేయండి. అవి పంచడమే తప్పు కదా.

సబ్‌టైటిల్_పిచ్చోడు
తీసేశా. 212వ లైను కూడా సరిచేశా.

తోకపిట్ట
నా పదకొండు రిపోలకీ ఎంఐటీ పెట్టేశా. పన్నెండోది ఉందని ఇప్పుడే గుర్తొచ్చింది, దాంట్లో ఐకాన్లు ఎక్కడివో గుర్తు రావట్లేదు.

సెమీకోలన్_సుందరి
మెటీరియల్ ఐకాన్లు. అరగంట పని.